ఆరో నెంబరు కుంచె

అన్నం కలుపుతుంది. గుండీ పెడుతుంది.
మొన్న జెట్టీ మీద జారబోయిన పిల్లాడి జబ్బ
టక్కున పట్టుకుంది.
కుంచె ఇస్తే మాత్రం
మణికట్టు లోపలికి మెలితిరిగి
బొటనవేలు అరచేతిలో దాక్కుంటుంది,
అప్పిచ్చినోణ్ణి చూసినట్టు.

ఇరవయ్యేడేళ్లు ఫిషింగ్ హార్బర్లో
బోట్లకి పేర్లు రాసిన చెయ్యి.
ఉప్పుగాలికి రంగు పోతుంది గానీ
కొర్లయ్య రాసిన 'శ్రీ' వంకరపోదనేవారు సారంగులు.
ఇప్పుడు సున్నా చుట్టబోతే కోడిగుడ్డు.

తాగుడన్నారు.
నూకాలమ్మకి మొక్కమంది అత్త.
నరాల వీక్‌నెస్ అని ఒకాయన టానిక్ ఇచ్చాడు,
ఎర్రగా ఉంది, అంతే.

కేజీహెచ్ మెట్లెక్కి
ఓపీ చీటీ చెమటకి తడిసేదాకా నిలబడితే
డాక్టరమ్మ పెన్నిచ్చి "పేరు రాయి" అంది.
'సూరాడ' దగ్గరే పాళీ కాగితాన్ని పొడిచేసింది.
ఆవిడ నవ్వలేదు.
అదే మొదటి మందు.

జబ్బు చేతిలో లేదంట.
తలకాయ వేసిన ఒక్క కేకకి
లాగే కండా వదిలే కండా
రెండూ లేస్తున్నాయంట.
ఒక్క వలని ఎదురెదురుగా లాగితే
ఏటవుద్దో మాకు తెలీదా?

బిళ్ళలు మింగాను.
నోరు ఎండుచేప, పగలంతా తూగు,
నిచ్చెన మీంచి పడబోయాను.
మెదడులో తీగ పెట్టే ఆపరేషన్ ఉందిగానీ
నీకంత దూరం అక్కర్లేదంది.
తీగ అన్న మాటకే
మా ఆవిడ పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

చివరికి సూది.
కుళ్ళిన తిండిలో పుట్టే విషమంట,
చుక్కలో వెయ్యోవంతు, ఇంకా తక్కువ.
"విషమేటమ్మా?"
"కొలిస్తే మందు."
టర్పెంటైన్ కలిపినోణ్ణి, నాకు చెప్పాలా.

పదిరోజులకి మెలిక వదిలింది.
పట్టు కూడా కొంత వదిలింది,
డబ్బా మూత రాదు, మా పాప తీస్తుంది.
మూడునెలలకి మళ్ళీ అవే మెట్లు.
మధ్యలో ఒక కిటుకు నేనే కనిపెట్టాను:
ఎడమచేతి వేలు మణికట్టుకి ఆనిస్తే
కుడిచెయ్యి కాసేపు మాటింటుంది.
ఎందుకో డాక్టరమ్మకీ పూర్తిగా తెలీదు.

వేట నిషేధంలో
ఎర్రన్న బోటు ఒడ్డుకెక్కింది.
ఆరో నెంబరు కుంచె, నీలం రంగు,
వేలు ఆనించి, ఊపిరి బిగబట్టి
ఒక్క పేరుకి పూటంతా పట్టింది.
"చివరక్షరం వంకరగుందేటి, కొర్లన్నా?"

నీళ్ళలో దించు ముందు.
అక్కడ ఏది తిన్నగా ఉంటాదో చూద్దాం.