దుప్పటి మడత

ఈ ఊరి పేరు హల్.
రెండో తరగతిలో తెలుగు టీచరు చెప్పింది
హల్లు ఒంటరిగా పలకదనీ, అచ్చు తోడుండాలనీ,
తోడు దొరక్కపోతే
నెత్తిన పొల్లు పెట్టుకుని కూర్చుంటుందనీ.
పద్నాలుగు నెలలుగా
బెవర్లీ రోడ్డులో, మూడో అంతస్తులో
నేనలాగే కూర్చున్నాను.

శుక్రవారం ఆఫీసు కాల్‌లో "థాంక్యూ, బై" అన్నాక
సోమవారం దాకా గొంతుతో పని లేదు.
సరుకులు గుమ్మం ముందు పెట్టేసి పోతారు.
మెట్ల మీద అడుగులు వినబడితే
ఎదురింటావిడ దిగి వెళ్ళిపోయేదాకా
తలుపు వెనకాల ఊపిరి బిగబడతాను.
ఆవిడంటే భయం కాదు.
ఆవిడ "హలో" అంటే
ఆ తర్వాతి మాట నాదవుతుంది కదా,
అదీ.

ఇంట్లో వాషింగ్ మెషీన్ బాగానే పనిచేస్తుంది.
ఆ సంగతి ఎవరికీ చెప్పకండి.
ఆదివారం పొద్దున్నే
రెండు తువ్వాళ్ళు, ఒక దుప్పటి, ఉతికిన చొక్కానే మళ్ళీ
నీలం సంచిలో కుక్కుకుని
సందు చివర నాణేలేసే లాండ్రీకి బయల్దేరాను.

మొదటి వారం అద్దాల తలుపు దాకా వెళ్ళి
లోపల నలుగురున్నారని తిరిగొచ్చేశాను.
రెండో వారం వాన. వానని తిట్టుకుంటూ
హాయిగా పడుకున్నాను.
మూడో వారం లోపలికెళ్ళాను.
వేళ్ళు వణికి ఒక నాణెం దొర్లి
ఎవరిదో పాత బూటు కింద ఆగింది.
అడగలేక, ఇంకోటి వేశాను.

అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు.
గుండ్రటి గాజు కిటికీల్లో
తమ బట్టలు మునగడం, తేలడం చూస్తుంటారు.
సబ్బు వాసన, వెచ్చటి గాలి,
బల్ల మీద పోయినేటి పత్రిక.
నలభై నిమిషాలు
నేను నలుగురిలో ఉన్నాను.
ఇంటికొచ్చి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా
పడి నిద్రపోయాను.

ఆరో వారమో, ఏడో వారమో,
హంబర్ మీంచి గాలి తలుపుని బాదుతున్న రోజు
ఆ పాత బూట్ల పెద్దాయనే
(క్లైవ్ అట, తర్వాత తెలిసింది)
డ్రయర్లోంచి ఇంత పొడుగు దుప్పటి లాగి
చేతులు చాచినా చాలక
ఓ కొస నేలకి రాసుకుంటుంటే
నా వైపు తిరిగి
ఏమీ అడక్కుండా
రెండు కొసలు ముందుకి చాపాడు.

గొంతులో వెలక్కాయ.
చేతుల్లో లేదు.

పట్టుకున్నాను.
దుప్పటి బిగిసేదాకా చెరోవైపూ వెనక్కి నడిచాం.
ఒక్కసారి దులిపాం.
దగ్గరకొచ్చాం. ఆయన కొసలు నా చేతికొచ్చాయి,
వేళ్ళు తగిలాయి, బట్ట ఇంకా వేడిగా ఉంది.
వంగి మడత అందుకుని మళ్ళీ వెనక్కి.

"మీ మెషీన్ కూడా పాడైందా?"

"ఆఁ" అన్నాను.
అబద్ధమే.
అచ్చే.

శనివారం రాత్రి చూసుకుంటే
ఉతకడానికి ఇంట్లో ఒక్క గుడ్డ లేదు.
శుభ్రమైన చొక్కా ఒకటి తీసి
దాని మీద
కాస్త చారు ఒలకబోశాను.