పొట్లంలో పోయిన పేజీ

టవర్ క్లాక్ కాడ, ఆదివారం పూట,
గోనెపట్టల మీద పాత పుస్తకాలు పరుస్తారు.
పదో తరగతి గైడ్లు, చిరిగిన పంచాంగాలు,
ఎవరో సగం రాసి వదిలేసిన డైరీలు.
వాటి కింద నుంచి ఒక చెవి కనపడింది.
గాడిద చెవి.
చెవిని బట్టే గుర్తుపట్టినాను.

సముద్రం చూడబోయిన గాడిద.
అట్ట వెనకాల వెల డెబ్బై అయిదు పైసలు.
నలభై రూపాయలన్నాడు.
బేరమాడలేదు, గొంతు రాలేదు.

ఉరవకొండలో మాకు ఆ పుస్తకం
తూకానికొచ్చిన కాగితాల్లో దొరికింది.
కుళ్ళాయప్ప అంగట్లో, బాణలి పక్కన,
ఒక్కో ఆకూ చింపి పొట్లం చుడుతుంటే
ఏడ్చి ఇప్పించుకున్నాను.
అప్పటికే చివరి ఆకు పోయింది,
పావలా శెనక్కాయలతో, వెచ్చగా, ఎవరి చేతుల్లోనో.

"ఏమైంది మామా చివర్లో?"
ఇసుకలో గరిటె తిప్పుతానే చెప్పినాడు:
"చుట్టే ముందు చదివినాలే.
గాడిద సముద్రం కాడికి పోయింది. వంగి తాగింది.
థూ అని ఉమిసి,
'దీనికా ఇంత దూరం నడిచింది,
మా ఊరి బోరింగు నీళ్ళే కదా ఇవి' అన్నది.
అయినా ఆడే కూచుంది.
అన్ని నీళ్ళు ఒక్కచోట ఎవురు చూసినారు?"

బస్సులో కిటికీ పక్క సీటు.
నలభై ఏడేళ్ళ కళ్ళకు అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి,
కథ చిన్నదిగా ఉంది.
చిన్నప్పుడు కుమ్మరిని తిట్టుకునేదాన్ని
దాని వీపున అంత బరువు మోపినందుకు.
ఆరో పేజీలో, బొమ్మకు ఒక మూల,
గోరంత మనిషి, చెయ్యి పైకెత్తి ఉన్నాడు.
కింద ఒకే వాక్యం:
పొద్దు గూకుదాకా పిలిచి, కుండలు తానే మోసుకొని పోయెను.
ఈ మాట అప్పుడూ ఉండే ఉంటుంది.
దాని మీదుగా దూకి
గాడిద వెంట పడినట్టున్నాను.

పన్నెండో పేజీలో గాడిదకు మూడే కాళ్ళు.
బొమ్మ వేసినాయన మరిచిపోయినాడు.
నాలుగోది నా పుస్తకంలో నేనే గీసినాను, పెన్సిలుతో.
ఇది నాది కాదు గదా,
ఇందులోనూ ఎవరో బిడ్డ గీసింది,
నీలం సిరాతో, మోకాలు వెనక్కి తిరిగిపోయి.

చివరి పేజీ ఉంది. చెక్కు చెదరలేదు.
గాడిద సగం దారిలో ఆకలికి తాళలేక
తిరిగొచ్చి కుమ్మరి గడప ముందు తల వంచింది.
కావున పిల్లలారా, అని మొదలై
నాలుగు వరసల బుద్ధిమాటలు.
సముద్రం లేదు.
మళ్ళీ వెతికినాను. బొమ్మలో కూడా లేదు.

ఎనిమిదేళ్ళ కిందట
పింఛను కాగితాలు రాసే పని నాది.
కుళ్ళాయప్ప వచ్చినాడు.
ఇక్కడ సంతకం మామా, అంటే
బొటనవేలు చాపినాడు,
బాణలి మసి గీతల్లోకి ఇంకిపోయిన వేలు.
సిరా పూసి అద్దుకుని, ఇంకో పేరు పిలిచినాను.
ఆ రోజు వరస చానా పొడుగుండె.

కూడేరు దాటినాక,
గాలిమరలు తిరగతా ఉన్నాయి, ఒకటి మాత్రం ఆగిపోయింది,
అప్పుడు తట్టింది నాకు.
చుట్టే ముందు చదివినాలే.

బస్సు దిగి ఇంటికి పోలేదు.
అంగడి ఇప్పుడు కొడుకుది, పొట్లాలు లేవు, ప్లాస్టిక్ కవర్లు.
ముసలాయన బయట స్టూలు మీద
పొట్టు చెరుగుతున్నాడు.
"మామా, ఆ చివరాకు దొరికింది."
చేతులాపి నా పక్క చూసినాడు.
"ఏముందమ్మా అందులో?"

పేజీ తెరిచి, వేలు పెట్టి, చదివినాను:
గాడిద సముద్రం కాడికి పోయింది.
వంగి తాగింది.
మా ఊరి బోరింగు నీళ్ళే కదా ఇవి, అన్నది.

"థూ అని ఉమిసింది యాడ?" అన్నాడు.

"ఉంది మామా," అన్నాను,
"కింది వరసలో ఉంది."