ఊకపెట్టె

పడవ ఇసకను తాకీ తాకకముందే
ధర చెప్పే మనిషి వచ్చి నిలబడేవాడు.
మా దగ్గర ధర ఉండేది కాదు,
ఎండ ఉండేది.

పొద్దు తొమ్మిది దాటితే
వంజరం కంటి మీద పొర కమ్ముతుంది.
ఆ పొర కోసమే కాచుకోనుండేవాడు శేషాద్రి.
అందాకా బీడీ కాలుస్తా సముద్రం అందం చూసేవాడు.
ఐసు ఆయనది, ఐసు లారీ ఆయనది,
ఆగగలిగే తీరిక కూడా ఆయనదే.

పెంచలమ్మత్త ఊకలో కోడిగుడ్లు దాచే మనిషి.
"గుడ్లను కాచేది ఐసును మటుకు కాయదా?"
అంది ఒకనాడు గంప దించుతా.
ఎవురినీ జవాబు అడగలేదు.

కావలిలో ఖాదర్ బాషా పాతసామాన్ల కొట్లో
గుండె తీసేసిన ఫ్రిజ్జులు నాలుగు,
ఒక్కోటి మూడొందల యాభై.
ఒకదాని తలుపు మీద
ఎవరింటి పిల్లో అంటించిన సీతాకోకచిలుక
అట్టనే ఉంది.
గోడల సందుల్లో అల్లూరు మిల్లు ఊక కూరాము,
అడుగున చిల్లి, చిల్లికి సైకిలు ట్యూబు.
పదహారుమంది, మనిషికి పన్నెండొందలు.
పద్దు రాసేది నేను,
ఇంటరు లెక్కల్లో తప్పినదాన్ని.

మొదటి పెట్టె ఓడింది.
ఊక తడిసి పులిసింది.
నలభై కిలోల కానాగంతలు,
కుక్కలు కూడా మూతి తిప్పుకున్నాయి.
ఆ రోజు నష్టం కింద ఏం రాయాలో తెలియక
"వాసన" అని రాశాను.
ఆ పేజీ చింపనీలేదు పెంచలమ్మత్త.

రెండోదానికి,
ఖాళీ పాలపాకెట్లు కడిగి ఆరబెట్టి
ఊక నింపి, కొవ్వొత్తి సెగకు మూతులు అతికించింది
వాయిలోళ్ల కావేరి.
పొద్దుగూకిందాకా గోడకానుకుని కూచుంది,
పసిబిడ్డ జ్వరం చూసినట్టు పెట్టెను తడుముతా.
మబ్బులో తలుపు తీస్తే
వంజరం మమ్మల్ని చూసింది.

శేషాద్రి ధర చెప్పాడు.
అత్త కొంగు దులిపి
"రేపు చూద్దాంలే అబ్బయా" అంది.
మా పాలెంలో ఆ మాట
చేపల గురించి అనడం అదే మొదలు.
అప్పు గురించైతే రోజూ అనేవాళ్లం.

తర్వాతవన్నీ మంచివే అని చెప్పను.
ఐసు ధర సగానికి కోశాడాయన.
మాలో ముగ్గురు అటు పోయారు,
ఇద్దరు తిరిగొచ్చారు.
అంకమ్మ రాలేదు.
నీళ్లపంపు దగ్గర పలకరించుకుంటాం, ఐసు మాట ఎత్తం.

పారబోసే ఊకకు
బస్తా ఇరవై అన్నాడు మిల్లు గుమాస్తా.
చచ్చిన ఫ్రిజ్జులకు బోర్డు రాయించాడు ఖాదర్ బాషా.
టీకొట్టు సుబ్బులు
పాలపాకెట్లను తీగ మీద ఆరేసి
కట్టకు ఐదు రూపాయలంటుంది.
అందరికీ మా పెట్టే కనిపించిందా అని కోపమొచ్చింది నాకు.
రాత్రి పద్దు రాస్తుంటే తోచింది:
ఈ డబ్బు మునుపు లారీ ఎక్కి మద్రాసు పోయేది.
ఇప్పుడు సుబ్బులు కొట్టు దాకా నడిచిపోయి
సందేళకు పావుకిలో కవళ్ల కోసం
మళ్లీ మా గంప దగ్గరికే వస్తోంది.
ఒకే పది నోటును
ఒక వారంలో మూడుసార్లు చూశాను.
మూలన పసుపు మరక. అదే.

ఇప్పుడు పెట్టెలు పదకొండు.
వేట ఆపేసే రెండు నెలలు
వాటిలో ఏం దాచాలో ఇంకా తేలలేదు.
కావేరి మల్లెపూలంటుంది,
నేను గోలీసోడా అంటాను, నన్ను చూసి నవ్వుతారు.
పెంచలమ్మత్త ఏమీ అనదు.
సీతాకోకచిలుక తలుపు తీసి
ఖాళీ పెట్టెలో చెయ్యి పెట్టి
కాసేపు అట్టనే ఉంటుంది.