నీడ పద్దు

ఎవొరా ఊళ్లో జూలై మధ్యాహ్నం
కార్లన్నీ నీడ కోసం కొట్లాడుకుంటాయి.
బల్తజార్ ఒక్కడే
తన కారుని నడి ఎండలో నిలబెడతాడు,
వడియాలు ఆరబెట్టినట్టు.

పైకప్పు మీద నల్లటి పలకలు.
రోజంతా కాగితే తొమ్మిది కిలోమీటర్లు.
అదీ దుమ్ము తుడిస్తే,
పావురాలు దయ తలిస్తే.

సాయంత్రం తలుపు తీస్తే లోపల కొలిమి.
సీటులో కూర్చోబోయి దెయొలిందా
కాలు కాలిన పిల్లిలా వెనక్కి దూకుతుంది.
ఏసీ వేస్తారు.
ఎండ ఇచ్చిన తొమ్మిదిలో రెండు
ఎండే మింగేస్తుంది.

ముప్పై ఏళ్లు బ్యాంకులో కూడికలు చేసినదాన్ని,
ఊరుకోలేక లెక్క కట్టాను:
పలకల ఖరీదు, కరెంటు ధర,
చలికాలపు మబ్బులతో సహా.
పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పంతొమ్మిదేళ్లు.
బల్తజార్‌కి డెబ్బై నాలుగు.

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.
"వంతెన దాకా ఏడే" అన్నాడు.

ఆదివారం అర్థమైంది.
మరదలి ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా
వంతెన పక్కన కారు ఆపి
ఇద్దరూ ఎండిన వాగుని చూస్తూ
అంజూరాలు తింటున్నారు.
ఉచితం అయిపోయిన చోట
కాసేపు ఆగడం వాళ్ల ఆనవాయితీ అట.
మిగతా దారి గోడ ప్లగ్గు ఖాతాలో.

గిట్టుబాటా అంటే
కాదనే అంటాను, ఇప్పటికీ.
కాకపోతే
బిరడా చెట్టు కింద అతని పాత చోటు
ఇప్పుడు నా కారుది.
ఆ చల్లదనాన్ని
ఏ పద్దులో రాయాలో
తేలడం లేదు.