చివరి అక్షరం

రాయి మీద తెలుగులో 'ఓలా' దాకా ఉంది.
మిగతాది నాచు తినేసింది.
చర్చి రిజిస్టరు తిరగేస్తే
ఓలాఫ్, ఓలావ్,
ఒక పేజీలో, సిరా అలికిన చోట, ఊలుఫ్.
నార్వే నుంచి ముని మనవరాలు రాసింది:
వ్ అని చెక్కండి, దయచేసి.

"మా జేజి ఓలయ్య దొర అనేది" అన్నాడు ఏసోబు.
"పురిటి రాత్రి లాంతరు పట్టుకొచ్చాడంట."

రేషన్ కార్డులో తను యేసోబు,
ఓటరు జాబితాలో ఎసుబు,
ఇంట్లో, ఇదిగో.

సరే, వ్.
గుంటూరు ఎండ. యార్డు వైపు నుంచి మిరప ఘాటు.
దగ్గు తెర. ఉలి జారింది.
వ కింద చిన్న గీత,
ఫ వత్తులో సగం.

వేలితో తడిమాడు.
చెరపలేదు.