చేతుల్లేని చొక్కాలు

శుక్రవారం రాత్రి షాపు షట్టరు సగం దించేశాక
ముగ్గురు గుంటలు వంగి లోపలికొచ్చారు
టిక్కెట్టు లేకుండా బస్సెక్కినట్టు
ఒకడి వెనక ఒకడు నక్కి.

"అక్కా, రేపు మా మొదటాట.
చేతులు కోసీమన్నాడు కోచ్."

సంతలో చవగ్గా దొరికిన ఫుల్ హ్యాండ్ చొక్కాలు.
గుణుపురంలో పాతికేళ్లుగా కుడుతున్నాను,
చేతులు పెట్టమన్నవాళ్లే గాని
తీసెయ్యమన్నవాళ్లు లేరు
ఈ ఆస్ట్రేలియా ఆట వచ్చేదాకా.

దాని బంతిని ఓసారి నా మిషను మీద పెట్టాడు కోచ్.
పచ్చి బొప్పాసకాయలా ఉంది.
దొర్లిస్తే, నా వైపు రావాల్సింది
గోడ వైపు పోయింది.
"అంతేనక్కా ఆట" అన్నాడు.

టేపు తీశాను.
తవిటినాయుడు, ఉల్లి బస్తాలు దించే గోవిందు కొడుకు,
ఊపిరి బిగబట్టి ముప్పైరెండు ఛాతీని ముప్పైనాలుగు చేశాడు.
"ఒగ్గీరా ఊపిరి. రేపల్లా ఇలాగే పరిగెడతావేటి?"
ఇసాకు రైకా, పుట్టసింగి కొండ దిగి హాస్టల్లో ఉంటున్నవాడు,
తెలుగులో అడిగితే ఒడియాలో చెబుతాడు
ఒడియాలో అడిగితే నేల చూస్తాడు.
టికునా బెహరా అందరికన్నా పొట్టి.
నంబరు మటుకు ముప్పైమూడు.
రెండు మూళ్లకీ వీపు చాల్లేదు,
రెండోది చంక కిందికి తిరిగింది.

కత్తెర వేస్తుంటే ముగ్గురూ
మొహాలు పక్కకి తిప్పుకున్నారు,
సూది వేయించుకునేటప్పటిలా.
ఆరు చేతులు నేల మీద పడ్డాయి.

శనివారం షాపు కట్టేసి వెళ్లాను.
వంశధార ఒడ్డున ఎండ అప్పుడే కుర్చీ వేసుక్కూచుంది.
ఒక్కో కొసనా నాలుగేసి వెదుర్లు పాతారు.
నడిమి రెండింట్లోంచి తంతే ఆరంట.
పక్క సందులోంచి పోతే ఒకటంట.
తప్పినందుక్కూడా ఒకటి!
నా పనిలో అంగుళం తప్పితే
గుడ్డ ఖరీదు నేనే కట్టుకోవాలి.

తవిటినాయుణ్ణి మొదటి నిమిషంలోనే పడగొట్టారు.
లేచాడు. మళ్లీ పడగొట్టారు.
లెక్కపెట్టడం మానేశాను.

రెండో వంతులో ఇసాకు
రాయగడ కుర్రాడి భుజం మీద మోకాలుంచి
పైకి లేచాడు.
జీలుగు చెట్లెక్కే ఇంటివాడు,
చెట్టు లేని చోట ఎక్కేశాడు.
బంతి గుండెకి హత్తుకుని దిగుతుంటే
పట్టూ అని ఒకరు, ధర్ ధర్ అని ఒకరు,
కొండ మాటలో హాస్టలు పిల్లలూ.
పట్టేశాక అరుస్తారేంటో.

తరవాత చాలాసేపు నిలబడి గురి చూసి
తన్నాడు.
పక్క సందు. ఒకటి.
వాడు తల పట్టుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను,
అటువైపు నేనొక్కదాన్నే.

టికునా దగ్గరికి చివరిదాకా బంతి రాలేదు.
నిలబడకూడని చోట నిలబడ్డాడని కోచ్ తిడుతూనే ఉన్నాడు.
అప్పుడది ఎవరి కాల్నుంచో జారి
నేల తాకి, మనసు మార్చుకుని,
తిన్నగా ఆ చోటికే వచ్చింది.
వాడు రెండు చేతులా పట్టుకుని
ఇదెవరిదని అడుగుతున్నట్టు చుట్టూ చూశాడు.
పిడికిలితో గుద్దాడు, ఎవరూ లేని వైపు.

నలభైయొక్క పాయింట్లకి ఓడిపోయారు.

ఆదివారం చిరుగులు పట్టుకొచ్చారు.
తవిటినాయుడు చొక్కాకి వెన్నెముక పొడవునా కుట్టు వేశాను.
డబ్బులెంతంటే, గెలిచాక ఇవ్వండన్నాను.
"అయితే నీకు బాకీయే అక్కా" అన్నాడు.
పెదవి చిట్లి ఉంది, నవ్వడం కష్టమైంది వాడికి.

పోబోతూ టికునా ఆగాడు.
"ఆ చేతులు ఉన్నాయా అక్కా?
వచ్చే ఆట జైపూరులో. రాత్రి ట్రక్కులో పోవాలి.
ఘాటీ మీద చలి."

పారేస్తే ఉండేవి కావు.
ఆరింటినీ జోడించి, లోపల పీలికలు కుక్కి
స్టూలు మీదకి దిండు కుట్టుకున్నాను, నిన్న రాత్రే.
లేచి నిలబడి కుట్లు విప్పాను.
ఏవి ఎవరివో తెలియలేదు, అన్నీ ఒకటే నీలం.
చేతికి దొరికిన రెండిచ్చాను.

"చొక్కాకి కుట్టొద్దక్కా, తొడుక్కుంటాను."
ఇసాకువి కాబోలు,
వేళ్లు దాటి వేలాడుతున్నాయి.
రెండూ ఎడం చేతివే అని
వాడు సందు మలుపు తిరిగాక తట్టింది నాకు.

పిలిచాను. వినిపించలేదు.
చేతులూపుకుంటూ పోతున్నాడు.

స్టూలు గట్టిగా తగులుతోంది.