రెండు దోనీలు

కుతాయిసిలో అక్టోబరు. రియోని నది మీద మంచు
ఇంకా లేవలేదు గానీ
ఒకటో తరగతిలో రబ్బరు పొట్టు అప్పుడే రాలుతోంది.

మూడో బల్ల, కిటికీ వైపు. కెసారియా.
ఆరేళ్లు నిండి ఆరు వారాలు.
రాయాల్సింది ఒకే మాట: దేదా.
మా భాషలో అమ్మ.
అందులో దోనీ అనే అక్షరం రెండుసార్లు వస్తుంది,
పైన ఉంగరమంత సున్న, కింద పిల్లి తోక చుట్టుకున్నట్టు ఒక వంపు.
ఆ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండాలని
ఎవరు చెప్పారో ఈ పిల్లకి, నేనైతే చెప్పలేదు.

రాస్తుంది. తల పక్కకి వంచి చూస్తుంది. చెరుపుతుంది.
రాస్తుంది. చెరుపుతుంది.
కాగితం ముందు మసకబారింది, తర్వాత నూగు లేచింది,
తర్వాత చిరిగి, కందిగింజంత చిల్లు.
అప్పుడు పెన్సిలు పక్కన పెట్టి
రెండు చేతులూ తొడల కింద దాచేసుకుంది,
అవేదో నేరం చేసినట్టు.

"ఏం పర్లేదమ్మా" అన్నాను.
ముప్పై ఒక్క ఏళ్లుగా అంటున్న మాట.
అరిగిపోయిన నాణెం, ఏ దుకాణంలోనూ చెల్లదు.

మర్నాడు ఉపాయం పన్నాను.
బోర్డు మీద కావాలనే తప్పు రాసి
"అయ్యో, లమారా టీచరు కూడా తప్పు రాసిందే!" అని
బుగ్గ మీద చెయ్యి వేసుకున్నాను.
క్లాసంతా నవ్వింది.
కెసారియా నవ్వలేదు.
"కావాలనే రాశావు" అంది.
పెద్దవాళ్ల దొంగ తప్పులు
పిల్లలకి వాసనకే తెలిసిపోతాయి.

అసలు తప్పు గురువారం నాడు తనంతట తనే వచ్చింది.
హాజరు పట్టీ మీద టీ గ్లాసు దొర్లింది.
సెప్టెంబరు మొత్తం, పేర్లూ సంతకాలూ,
నీలంగా కలిసిపోయి అంచు దాటి నా ఒళ్లోకి కారాయి.
మర్నాడే తనిఖీ.
ఇక్కడ రాయకూడని మాట ఒకటి నా నోట్లోంచి జారింది.
క్లాసు గప్‌చుప్.

కుర్చీ జరిగిన చప్పుడు.
తన రబ్బరు ముక్క పట్టుకుని నా బల్ల దగ్గర కెసారియా.
తడి కాగితాన్ని ఒకసారి తాకి చూసి
"ఇది పోదు" అంది, డాక్టరులా.
"పోదు."
"నిన్ను తిడతారా?"
"తిడతారు."
"అప్పుడేం చేస్తావు?"
నిజం చెప్పక తప్పలేదు.
"తలవంచుకుని వింటాను. కాస్త ఏడుపొస్తుంది.
ఇంటికెళ్లి లోబియో వండుకుని తింటాను.
శనివారం కూర్చుని మొత్తం మళ్లీ రాస్తాను."
"చిక్కుడు గింజల్లో కొత్తిమీర వేస్తావా?"
"చాలా వేస్తాను."
ఆలోచించింది. చిన్న నుదుటి మీద పెద్ద లెక్క.
రబ్బరు నా దగ్గరే వదిలేసి వెళ్లింది,
మరిచిపోయిందో, ఇచ్చిందో.

వెంటనే ఏమీ మారిపోలేదు.
శుక్రవారం రబ్బరు అడిగి తీసుకుంది.
సోమవారం అంకెల దగ్గర ఒక పేజీ చింపింది.
బుధవారం మాత్రం
పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.
చిల్లుకి ఇటు ఒక దోనీ, అటు ఒకటి.
మొదటిది బొద్దుగా, వీపు నిటారుగా.
రెండోది గీత మీంచి జారి, పక్కకి ఒరిగి.

"ఇవి ఒకేలా లేవు" అంది, నేననక ముందే.
వాళ్లమ్మది రొట్టెల కొలిమి దగ్గర పని.
పిల్లని బడి దగ్గర దింపి వెళ్తుంది, చీకటి పడ్డాక వస్తుంది.
"ఇది పొద్దున్న అమ్మ" అంది, వేలు పెట్టి చూపిస్తూ.
"ఇది సాయంత్రం అమ్మ."

ఎర్ర సిరా పెన్ను నా చేతిలోనే ఉంది.
మూత తియ్యలేదు.